మీ ఊరి కమ్యూనిటీ హాలు చరిత్ర రాయడం ఎలా?

ఊరి చరిత్ర రాద్దాం అనుకోగానే అందరూ గుడి దగ్గరికే పరిగెడతారు. స్థలపురాణం, శాసనం, ఏ రాజు ఎన్ని పుట్ల మాన్యం రాసిచ్చాడు, ఇవే. పంచాయతీ ఆఫీసు పక్కన పెచ్చులూడిపోయి నిలబడ్డ కమ్యూనిటీ హాలును ఎవరూ పట్టించుకోరు, దానికేం చరిత్ర, గవర్నమెంటు కట్టించింది అంతేగా అంటారు. నిజానికి గుడి చరిత్ర కన్నా హాలు చరిత్ర రాయడమే తేలిక. గోడ లేపిన మేస్త్రీయో, ఇటుకలు మోసిన ఆడవాళ్ళో, తీర్మానం మీద సంతకం పెట్టిన వార్డు మెంబరో ఇంకా ఊళ్ళోనే ఉండి ఉంటారు. ఇంకో పదేళ్ళు ఆగితే ఆ సౌకర్యం ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా ఈ పని ఎలా చేయొచ్చో, ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో, ఎవరిని ఏమడగాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. గోడకున్న రాయి చూసి నాలుగు వాక్యాలు రాస్తే హాలు చరిత్ర అయిపోదు. ఆ రోజు కొబ్బరికాయ ఎవరు కొట్టారో మాత్రమే రాయి చెబుతుంది. నేల ఎవరిది, డబ్బు ఎక్కడిది, చాకిరీ ఎవరిది, కట్టాక లోపలికి ఎవరొచ్చారు, ఎవరిని రానివ్వలేదు, ఇవి తేల్చాలి. ఆఖరి ప్రశ్నకి జవాబు ఏ కాగితంలోనూ ఉండదు, అందుకే దాని గురించి కింద కాస్త ఎక్కువ రాశాను.

అయినా సరే, మొదలు రాయితోనే

శిలాఫలకం ఫొటో మిట్టమధ్యాహ్నం తీయకండి. పొద్దున్నో సాయంత్రమో వెలుతురు పక్కవాటుగా పడుతున్నప్పుడు తీస్తే సున్నం కొట్టీ కొట్టీ పూడుకుపోయిన అక్షరాలు కూడా నీడపడి కనిపిస్తాయి, లేదా చీకటిపడ్డాక టార్చిలైటు పక్కనుంచి వేసి తీయండి. మేకుతో గీకొద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

తారీఖు చెరిగిపోయినా కంగారు లేదు, పదవుల పేర్లే కాలం చెప్పేస్తాయి. ‘పంచాయతీ సమితి అధ్యక్షులు’ అని ఉంటే 1959 తర్వాత, 1986 లోపు అన్నమాట. సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చింది 1986 చట్టంతో. ‘తాలూకా’ అని ఉంటే 1985లో రెవెన్యూ మండలాలు రాకముందుది అయ్యుండాలి. జిల్లా పేరు కూడా చూడండి. ఇప్పటి ప్రకాశం జిల్లా 1970లో పుట్టినప్పుడు దాని పేరు ఒంగోలు జిల్లా, 1972లో ప్రకాశం అయింది, కాబట్టి రాయి మీద ‘ఒంగోలు జిల్లా’ అని చెక్కి ఉంటే ఆ మూడేళ్ళలోపు పనే. రంగారెడ్డి జిల్లా 1978లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మళ్ళీ విడిపోయాయి కాబట్టి మీ ఊరి పాత కాగితాలు ఇప్పటి జిల్లా కేంద్రంలో కాక పాత జిల్లా కేంద్రంలో ఉండే అవకాశం ఎక్కువ. ఇది ముందే తెలుసుకుంటే బస్సు ఛార్జీలు మిగులుతాయి.

చందాదారుల జాబితా ఉంటే అదృష్టమే. నూటపదహార్లు, వెయ్యినూటపదహార్ల మధ్యలో ఎక్కడైనా అణాలు కనిపిస్తే 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందుదని గట్టిగా అనుమానించొచ్చు. కొన్ని రాళ్ళ మీద తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి వికారి అంటే 1959-60 కావాలి, లేదా 2019-20 కావాలి. రెండింటిలో ఏదో మీకే తెలిసిపోతుంది. పాత రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరం (శిస్తు లెక్కల ఏడాది) రాసి ఉంటే దానికి 590 కలపండి, ఫసలీ 1430 అంటే 2020 జులైలో మొదలైన ఏడాది.

ఇక రాయిని ఎందుకు పూర్తిగా నమ్మకూడదో చెబుతాను. శంకుస్థాపన రాయి, ప్రారంభోత్సవం రాయి రెండూ వేరు, మధ్యలో ఏళ్ళు గడిచిపోయిన హాళ్ళు బోలెడు. శంకుస్థాపన చేసి నిధుల్లేక పునాదుల దగ్గరే ఆగిపోతే, ఆ పునాదుల్లో పిల్లలు దాగుడుమూతలాడుకుని పెద్దవాళ్ళయ్యాక వేరే పార్టీ సర్పంచి వచ్చి స్లాబు వేయించి కొత్త రాయి పెట్టి ఉండొచ్చు, పాత రాయి ఏ కల్వర్టు కిందో బట్టలుతికే బండ అయ్యి ఉండొచ్చు. వెతకండి. ప్రొటోకాల్ ప్రకారం మంత్రిగారి నుంచి వార్డు మెంబరు దాకా అందరి పేర్లూ రాయి మీద ఉంటాయి గానీ మేస్త్రీ పేరు ఉండదు, స్థలమిచ్చినవాళ్ళ పేరు ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. ఒక విషయం మాత్రం గమనించండి. 1994 పంచాయతీరాజ్ చట్టం కింద 1995లో ఎన్నికలు జరిగినప్పటి నుంచి కనీసం మూడో వంతు పదవులు ఆడవాళ్ళకి వచ్చాయి. ఆ తర్వాతి రాళ్ళ మీద మహిళా సర్పంచి పేరు ఉంటే వెళ్ళి ఆమెనే అడగండి. ఇంటాయన ముందుకొచ్చి ‘నన్నడగండి, అంతా నేనే చూసుకున్నా’ అంటాడు. అదీ చరిత్రే, రాసుకోండి, కానీ ఆమెతో విడిగా మాట్లాడకుండా రాకండి.

గోడలు, కప్పు

టేపు పట్టుకుని హాలు కొలతలు తీసి కాగితం మీద గీయండి. వంకరగా వచ్చినా ఫర్వాలేదు. గీస్తున్నప్పుడే తెలుస్తుంది ఏ గోడ మందం ఎక్కువో, ఏ గుమ్మం తర్వాత కొట్టారో, ఎక్కడ స్లాబు మొదలై ఎక్కడ పెంకులు ఆగాయో. గానుగ సున్నంతో కట్టిన గోడ సిమెంటు గోడ కన్నా బాగా దళసరిగా ఉంటుంది. పెంకుల కప్పయితే ఊడిపడ్డ మంగళూరు పెంకు ఒకటి తిరగేసి చూడండి, అడుగున ఫ్యాక్టరీ పేరు, ఊరు అచ్చు వేసి ఉంటాయి. మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు మొదటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1860లలో, ఆ తర్వాత దక్షిణాదిలో చాలాచోట్ల అదే రకం పెంకు తయారైంది, కాబట్టి పెంకు ఒక్కటే చూసి ఏడాది చెప్పలేం గానీ సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. పెంకు పాత ఇంటిదై ఉండొచ్చు, కూలగొట్టిన బడిదై ఉండొచ్చు, అదొకటి గుర్తుంచుకోండి.

హాలు ఒక్కసారే కట్టి ఉండరు. ముందు గది, తర్వాత వరండా, తర్వాత స్టేజీ, తర్వాత వంటలకి రేకుల షెడ్డు, చిట్టచివర (ఎప్పుడూ చిట్టచివరే) మరుగుదొడ్డి. ఒక్కో భాగానికి ఒక్కో నిధి, ఒక్కో సర్పంచి. గీసిన బొమ్మ మీద వేర్వేరు రంగుల పెన్సిళ్ళతో ఈ వరస పెట్టుకోండి.

తీరప్రాంతపు ఊరైతే అది అసలు కమ్యూనిటీ హాలుగా కట్టిందేనా అన్నది కూడా చూడాలి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత కోస్తా గ్రామాల్లో తుఫాను షెల్టర్లు కట్టారు. గట్టి స్తంభాల మీద ఎత్తుగా నిలబెట్టిన ఆ కట్టడాలు మామూలు రోజుల్లో బడిగానో పెళ్ళిళ్ళకో పనికొచ్చాయి.

నేల ఎవరిది?

ఇక్కడే అసలు కథ ఉంటుంది, తలనొప్పి కూడా ఇక్కడే ఉంటుంది.

హాలు కట్టకముందు ఆ చోట ఏముందో మొదట కనుక్కోండి. చాలా ఊళ్ళలో అది రచ్చబండ ఉన్న చోటో, మునసబు కరణాలు కూర్చున్న చావిడో, సత్రమో, పశువుల బందెలదొడ్డో అయ్యుంటుంది. ఊరంతా కూర్చోవడానికి హాలే కావాలని లేదు కదా. చెట్టు కింద, చావిడి అరుగు మీద, రామమందిరంలో కూర్చునే జనం గోడల మధ్యకి ఎప్పుడు, ఎందుకు వచ్చారన్నది మీరు రాయబోయే దాంట్లో మొదటి అధ్యాయం. కరణం మునసబు పదవులు 1984లో రద్దయ్యాయి, ఆ తర్వాత చాలా చావిళ్ళు పాడుబడ్డాయి, కొన్ని పంచాయతీ చేతికొచ్చాయి. మీ ఊళ్ళో ఏమైందో అడగండి.

స్థలం గ్రామకంఠంలో (ఊరి ఇళ్ళున్న ఉమ్మడి నేలలో) ఉంటే దానికి విడిగా రిజిస్టరు కాగితం దొరక్కపోవచ్చు. పంచాయతీలో ఆస్తుల రిజిస్టరు ఉంటుంది, దాంట్లో హాలు ఎక్కి ఉందా, సర్వే నంబరు ఏమని రాశారో చూడండి. ఆ నంబరు పట్టుకుని ఆంధ్రాలోనైతే అడంగల్ (ఏటా రాసే భూముల లెక్క), పాత ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం), తెలంగాణలోనైతే అడంగల్ లాంటివే అయిన పహాణీలు, ముఖ్యంగా 1954-55 నాటి ఖాస్రా పహాణీ చూస్తే అప్పట్లో ఆ నేల ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. తెలంగాణలో పాత కాగితాలు కొన్ని ఉర్దూలో ఉంటాయి, చదివి చెప్పేవాళ్ళు ఊళ్ళో ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ళ ఇంట్లో టీ తాగి నెమ్మదిగా చదివించుకోండి.

దాత ఇచ్చిన స్థలమైతే దాన దస్తావేజు ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూడాలి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే దొరుకుతుంది, అంతకుముందువి ఆఫీసులో ఇండెక్సు పుస్తకాలు తీసి వెతకాల్సిందే. దస్తావేజు నంబరు, సంవత్సరం దొరికితే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టొచ్చు. చాలాసార్లు అసలు దస్తావేజే ఉండదు. ‘మా తాత నోటి మాట మీద ఇచ్చాడు’ అంటారు దాత మనవలు. ‘ఇవ్వలేదు, పంచాయతీయే ఆక్రమించింది’ అంటారు అదే ఇంటి చిన్న మనవడి తరఫువాళ్ళు. ఇలాంటి చోట మీరు తీర్పు చెప్పొద్దు. ఎవరేం చెప్పారో, ఏ కాగితం దొరికిందో, ఏది దొరకలేదో అంతవరకే రాయండి. మీ వ్యాసం రేపు కోర్టులో ఒకరి ప్లీడరు చేతిలో కనిపించొచ్చు, ఆ సంగతి మనసులో పెట్టుకుని ప్రతి మాటా రాయాలి.

డబ్బు దారి

‘గవర్నమెంటు కట్టించింది’ అన్న మాటకి అర్థం లేదు. ఏ పద్దు కింద వచ్చింది, ఎవరడిగితే వచ్చింది, ఊరు ఎంత కలిపింది అన్నది తెలియాలి. కాలాన్ని బట్టి ఎక్కడ వెతకాలో మారుతుంది.

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలయ్యాక, ఆ వెంట 1959లో సమితులు వచ్చాక, గ్రాంటు కొంత, ఊరి చందా కొంత, శ్రమదానం కొంత కలిపి కట్టిన హాళ్ళున్నాయి. 1970ల చివర్లో పనికి ఆహార పథకం. ఇక్కడ మంచి ప్రశ్న ఒకటి ఉంది, కూలికి వెళ్ళినవాళ్ళని ‘డబ్బులిచ్చారా, గింజలిచ్చారా’ అని అడగండి. గింజలంటే 1977 తర్వాతి రోజులో, లేకపోతే 2001-02 ప్రాంతంలో మళ్ళీ బియ్యం ఇచ్చిన రోజులో అయ్యుంటాయి. 1989లో జవహర్ రోజ్‌గార్ యోజన వచ్చి పంచాయతీల చేతికే డబ్బు ఇవ్వడంతో చిన్నాచితకా కట్టడాలు చాలా లేచాయి. 1993 చివర్లో ఎంపీ లాడ్స్ మొదలైంది, అంటే ఊళ్ళలో పనులకి ఎంపీ సిఫారసు మీద ఇచ్చే నిధి. ఆ నిధులతో కట్టిన చోట ఫలకం పెట్టి తీరాలన్నది వాళ్ళ నిబంధనే, ఆ వివరాలు జిల్లా ముఖ్య ప్రణాళిక అధికారి ఆఫీసులో ఉంటాయి. 1997 జనవరిలో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం జన్మభూమిలో ప్రజల వాటా తప్పనిసరి, డబ్బుగానో సామగ్రిగానో పనిగానో. ఆ వాటా నిజంగా ఊరు పెట్టిందా, కాంట్రాక్టరే పెట్టి మళ్ళీ రాబట్టుకున్నాడా అన్నది అందరికీ తెలిసిన రహస్యం, కానీ టేపు ఆన్‌లో ఉండగా ఎవరూ చెప్పరు.

ఎంత ఖర్చయిందన్నదానికి శిలాఫలకం మీది అంకెని నమ్మకండి, అది అంచనా విలువ. అసలు కొలతలు, చెల్లింపులు ఇంజినీరింగు విభాగం ఎం-బుక్కులో (పని కొలతల పుస్తకంలో) ఉంటాయి. పంచాయతీ డబ్బు ఖర్చయి ఉంటే పంచాయతీ క్యాష్‌బుక్కులో ఎక్కుతుంది.

కాగితాలు అడిగే పద్ధతి

ముందు మర్యాదగా వెళ్ళి పంచాయతీ కార్యదర్శిని అడగండి. ‘చరిత్ర రాస్తున్నాం సార్’ అంటే సగం మంది బీరువా తాళం తీస్తారు. మిగతా సగం మంది భయపడతారు, ఏదో ఎంక్వయిరీ అనుకుంటారు. అప్పుడు సమాచార హక్కు చట్టం 2005 ఉండనే ఉంది. గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్ళకి ఎక్కడా లేదు. ఎందుకడుగుతున్నారో కారణం చెప్పక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలు.

దరఖాస్తు ‘పౌర సమాచార అధికారి’ పేర రాయండి. ‘హాలు గురించి మొత్తం సమాచారం ఇవ్వండి’ అని రాస్తే ‘సమాచారం లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇలా విడివిడిగా అడగండి:

“మా గ్రామ పంచాయతీ పరిధిలోని కమ్యూనిటీ హాలుకు సంబంధించి (1) ఆస్తుల రిజిస్టరులో నమోదైన పేజీ నకలు, (2) నిర్మాణానికి, మరమ్మతులకు పంచాయతీ పాలకవర్గం చేసిన తీర్మానాల నకళ్ళు, (3) పరిపాలనా మంజూరు ఉత్తర్వు నకలు, (4) హాలు అద్దె నిర్ణయిస్తూ చేసిన తీర్మానాల నకళ్ళు ఇవ్వగలరు. పై రికార్డులను స్వయంగా పరిశీలించుటకు తేదీ, సమయం తెలుపగలరు.”

ఆఖరి వాక్యం మరిచిపోవద్దు. నకలు కాగితంలో లేనిది రిజిస్టరు మార్జిన్‌లో ఎర్ర సిరాతో రాసి ఉంటుంది, స్వయంగా చూస్తేనే కనిపిస్తుంది. తీర్మానాల పుస్తకంలో ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎవరు సంతకం పెట్టకుండా లేచిపోయారు అన్నవి దొరికితే అది బంగారం. అద్దె తీర్మానం కూడా తక్కువదేం కాదు. ఊళ్ళోవాళ్ళకి ఒక రేటు, బయటివాళ్ళకి ఒక రేటు, పెద్దకర్మకి తగ్గింపు, గిన్నెలు పోతే జరిమానా, ఇవన్నీ అందులో ఉంటాయి.

జనగణనవాళ్ళు వేసే జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు ఉచితంగా దొరుకుతాయి, ఊరూరి సౌకర్యాల పట్టికలు అందులో ఉంటాయి, 2011 నాటి పట్టికల్లో కమ్యూనిటీ సెంటర్ ఉందా లేదా అన్న గడి కూడా ఉంది. ఓటరు జాబితా మొదటి పేజీలో పోలింగు కేంద్రం పేరుంటుంది, పాత జాబితాలో హాలు పేరు కనిపించిందంటే అప్పటికి అది నిలబడి ఉన్నట్టే. కరెంటు ఆఫీసులో సర్వీసు నంబరు చెబితే కనెక్షను ఎప్పుడిచ్చారో చూస్తారు.

అయితే వీటన్నిటి కన్నా నాకిష్టమైన ఆధారం శుభలేఖ. హాల్లో జరిగిన ప్రతి పెళ్ళికీ తారీఖుతో సహా అచ్చయిన కాగితం అది. ఆడపడుచుల ఇళ్ళలో ట్రంకుపెట్టెల అడుగున, పసుపు అంటుకుని, భద్రంగా ఉంటాయి. వాటితోపాటు పెళ్ళి ఆల్బమ్ అడగండి. పెళ్ళికొడుకు మొహం కాదు మీరు చూడాల్సింది, వెనక గోడ. సున్నమా పెయింటా, ఫ్యానుందా, కిటికీకి తలుపులున్నాయా, గోడ మీద ఏ పార్టీ రాతలున్నాయి, భోజనాలు నేల మీద బంతులా, బల్లలా. ఏడాదికో పెళ్ళి ఫొటో దొరికితే హాలు ఎలా మారిందో మొత్తం కళ్ళముందుంటుంది.

మనుషుల్ని అడగడం

సర్పంచిని, మాజీ సర్పంచిని, ప్రెసిడెంటుగారి బావమరిదిని ఎలాగూ కలుస్తారు. వాళ్ళని ఆఖర్న కలవండి. ముందు మేస్త్రీని, కూలికెళ్ళినవాళ్ళని, హాలు ఊడ్చే మనిషిని, తాళంచెవి దాచుకున్న ఎదురింటివాళ్ళని, మైకుసెట్టు అతన్ని, వంటమాస్టరుని, అంగన్‌వాడీ ఆయాని కలవండి. కట్టిన కథ సర్పంచికి తెలుస్తుంది, వాడుకున్న కథ వీళ్ళకే తెలుస్తుంది.

‘ఏ సంవత్సరంలో కట్టారు’ అని అడగొద్దు. పెద్దవాళ్ళకి అంకె గుర్తుండదు, గుర్తు లేదనలేక ఏదో ఒకటి చెప్పేస్తారు, మీరది రాసేసుకుంటారు. ‘పెద్దమ్మా, మీ పెద్దబ్బాయి పెళ్ళి హాలు కట్టకముందా, కట్టాకా?’ అనండి. ‘తాతా, రెండు రూపాయల బియ్యం వచ్చేనాటికి స్లాబు పడిందా?’ అనండి, అది 1983. కోస్తాలోనైతే దివిసీమ ఉప్పెన, గోదావరి ఊళ్ళలో 1986 వరదలు, కర్నూలు వైపు 2009 వరద, తెలంగాణలో 1969 ఉద్యమం, ఆంధ్రాలో 1972-73 జై ఆంధ్ర, అందరికీ ఎమర్జెన్సీ. అటో ఇటో ఇద్దరు ముగ్గురు చెప్పింది కలిపితే ఏడాది బిగుసుకుంటుంది.

ఒక్కొక్కరినీ విడిగా కలవండి, ఆ తర్వాతే నలుగురినీ కూర్చోబెట్టండి. ముందే గుంపులో అడిగితే గట్టిగా మాట్లాడే ఒక్కడి కథే అందరి కథ అవుతుంది. వీలైతే హాల్లోకే తీసుకెళ్ళి నడుస్తూ మాట్లాడించండి. ఇంటి అరుగు మీద ‘ఏముందయ్యా, మామూలే’ అన్న మనిషి హాల్లో అడుగుపెట్టగానే ‘ఇదిగో ఇక్కడే నాటకానికి తెర కట్టాం, ఈ మూల రేడియో ఉండేది’ అని అందుకుంటాడు. పంచాయతీ రేడియో గురించి తప్పకుండా అడగండి. టీవీ గురించీ అడగండి, 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఉపగ్రహం ద్వారా పల్లెలకి టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలుంటే వాటిలో ఆంధ్రప్రదేశ్ ఊళ్ళూ ఉన్నాయి, మీ ఊరు వాటిలో ఒకటైతే ఆ సెట్టు ఎక్కడ పెట్టారో చూసినవాళ్ళు ఉంటారు. నెల్లూరు జిల్లావాళ్ళయితే 1990 నాటి అక్షరాస్యత ఉద్యమం రాత్రిబడులు, 1992లో దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక పోరాటం నాటి మీటింగులు మీ ఊళ్ళో ఎక్కడ జరిగాయో అడగండి. హాల్లోనా, హాలు తాళం ఇవ్వకపోతే బయట చెట్టు కిందా?

రికార్డు చేసేముందు అడిగి చేయండి. ‘ఇది రాయకు బాబూ’ అన్నది రాయకండి.

ఎవరు గుమ్మం దాటలేదు?

కమ్యూనిటీ హాలు అందరిదీ అని బోర్డు మీద ఉంటుంది. ఎస్సీ కాలనీకి వెళ్ళి ‘మీ ఇంట్లో పెళ్ళి ఎప్పుడైనా హాల్లో జరిగిందా’ అని అడగండి. అడగకుండా రాసిన హాలు చరిత్ర సగమే. కొన్ని ఊళ్ళలో మొదటి పెళ్ళి ఎప్పుడు జరిగిందో, ఆ రోజు ఎవరు అడ్డుపడ్డారో, ఎవరు నిలబడ్డారో తారీఖుతో సహా చెబుతారు. కొన్ని ఊళ్ళలో ఎవరూ కాదనలేదు, కానీ ఎవరూ అడగనూ లేదు. కొన్ని ఊళ్ళలో అద్దె అందరికీ ఒకటే, గిన్నెలు మాత్రం ఇవ్వరు. ఇవి ఏ తీర్మానంలోనూ ఉండవు. కాలనీలో అంబేద్కర్ భవన్ ఉంటే దాని చరిత్ర కూడా ఇందులో భాగమే, ఒకే ఊళ్ళో రెండు హాళ్ళు ఎందుకు అవసరపడ్డాయన్నది పక్కపక్కన పెట్టి రాయండి. తెలంగాణలో కులసంఘ భవనాలు వచ్చాక పెద్ద హాలు వాడకం ఏమైందో కూడా చూడండి.

గ్రామసభల్లో ఆడవాళ్ళు ఎక్కడ కూర్చున్నారు, లోపలా, గుమ్మం బయటా? పొదుపు సంఘాలు వచ్చాక ఆ చోటు మారిందా? ఈ ప్రశ్నకి మగవాళ్ళు, ఆడవాళ్ళు చెప్పే జవాబులు కలవవు. రెండూ రాయండి.

ఇబ్బంది పెట్టే విషయాలు చెప్పినవాళ్ళ పేర్లు బయటపెట్టకుండా రాయొచ్చు. వాళ్ళు రేపు అదే ఊళ్ళో బతకాలి.

రాసేటప్పుడు

దొరికిందంతా ఒక పట్టికలో పెట్టుకోండి. తారీఖు, సంగతి, ఎవరు చెప్పారు లేదా ఏ కాగితం, ఎంత నమ్మకం. ఒకే ఆధారం ఉన్నదాన్ని ‘ఫలానావారు చెప్పిన ప్రకారం’ అని రాయండి, కాగితమూ మనిషీ ఇద్దరూ ఒకటే చెబితే నేరుగా రాసేయండి. రెండు కథలు కలవకపోతే కలిపి కుట్టొద్దు. పొగడ్తల పేరాలు తీసేయండి, ‘గ్రామాభివృద్ధికి అహర్నిశలు కృషి చేసిన’ అని మొదలయ్యే వాక్యం ఏదైనా సరే చరిత్రలో పనికిరాదు, సన్మానపత్రంలో పెట్టుకోవచ్చు.

పదిహేను ఇరవై పేజీలు చాలు. హాలు బొమ్మ, నాలుగైదు పాత ఫొటోలు, ఫొటోలో ఉన్నవాళ్ళ పేర్లు వాళ్ళ ఇళ్ళవాళ్ళని అడిగి. అచ్చు వేసేముందు చిత్తుప్రతి ఒకటి గ్రామసభ రోజున చదివి వినిపించండి. గొడవ అవుతుంది, అవనివ్వండి, అప్పటిదాకా నోరు విప్పనివాళ్ళు ‘అలా కాదు, జరిగింది వేరే’ అని లేచేది అప్పుడే. నోట్సు పుస్తకం దగ్గర పెట్టుకుని, ఆ మాటలన్నీ రాసుకుని, వారం పది రోజుల్లో వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి విడిగా మళ్ళీ వినండి.

అచ్చయ్యాక ఒక కాపీ పంచాయతీ ఆఫీసులో, ఒకటి బడిలో, ఒకటి శాఖా గ్రంథాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆడియో ఫైళ్ళు, స్కాన్‌లు ఫోన్‌లోనే వదిలేయకుండా రెండు వేర్వేరు చోట్ల దాచండి, ఫైలు పేరులోనే తారీఖు, మనిషి పేరు పెట్టండి. పుస్తకం చివర నాలుగు ఖాళీ పేజీలు వదలండి, తప్పులు ఎవరికి చెప్పాలో అక్కడ రాయండి. హాలు పడగొట్టి కొత్తది కడతారన్న మాట ఊళ్ళో వినిపిస్తుంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి ఇవాళే వెళ్ళి రాయి ఫొటో తీయండి, కొలతలు తీయండి, రాయిని పారేయకుండా కొత్త గోడలో పెట్టమని సర్పంచికి కాగితం రాసివ్వండి.